చెట్టెక్కే బాతు

సికింద్రాబాదులో ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ రైలెక్కితే కొద్ది నిమిషాల్లోనే సీతాఫల్‌మండి వస్తుంది. సీతాఫలాల బేరం నడిచిన మండి కాబట్టి ఆ పేరు. పక్కనే చిలకలగూడ. ఒక పేటకు పండు పేరు, ఇంకొకదానికి పక్షి పేరు. వినగానే రెండూ ఈ నేలలో పుట్టినవేనని నమ్మబుద్ధేస్తుంది. చిలకల సంగతి నిజమే. సీతాఫలం సంగతి అలా కాదు. సీతమ్మ పేరు పెట్టుకున్న ఈ పండు అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి వచ్చింది. పోర్చుగీసు ఓడలు సముద్రాలు దాటించిన మిరప, జామ, బొప్పాయిల బాపతు ఇది. మన రాతిగుట్టల మీద ఎవరూ నాటకుండానే మొలిచి, బాలానగర్ సీతాఫలమంటే పాలమూరుదే అనిపించుకునేంతగా స్థిరపడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అంతటివాడు మన ప్రాచీన శిల్పాల్లో చెక్కింది ఈ పండునేనని వాదించాడు. కానీ దాని దగ్గరి చుట్టాలు అడవిలో పెరిగేది అమెరికాలోనే. ఏది ఎక్కడ పుట్టిందో తేల్చడానికి పేరుకంటే చుట్టరికం గట్టి సాక్ష్యం. అయినా పండు విషయంలో ఈ పొరపాటు వల్ల పోయేదేమీ లేదు. సీతమ్మదనుకుని తిన్నా, బ్రెజిల్‌దనుకుని తిన్నా తీపి ఒకటే.

అదే ఉష్ణమండలం నుంచి అలాంటి ఓడల్లోనే బయల్దేరిన ఒక పక్షి విషయంలో మాత్రం తప్పుడు పేరు నష్టమే చేసింది. అది మస్కవీ బాతు. ముఖమంతా ఎర్రటి కండ బొడిపెలు, వెడల్పాటి తోక, నేలబారు నడక. అరుపు లేకుండా బుసకొడుతూ తిరిగే ఈ బాతును పెరళ్ళలోనూ ఫాంహౌసుల్లోనూ చూసినవాళ్ళు ఉంటారు. మస్కవీ అంటే మాస్కో రాజ్యం. దానికీ మాస్కోకీ ఏ సంబంధమూ లేదు. ఫ్రెంచివాళ్ళు దీన్ని బార్బరీ బాతన్నారు, అంటే ఉత్తర ఆఫ్రికా తీరానిదని. 1555లో స్విట్జర్లాండు పండితుడు కోన్రాడ్ గెస్నర్ ఇండియా బాతన్నాడు. 1758లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెడుతూ, కస్తూరి వాసన కలదనే అర్థంలో మొస్కాటా అని చేర్చి, నివాసం దగ్గర ఇండియా అనే రాశాడు. 1822లో జాన్ ఫ్లెమింగ్ ప్రజాతి పేరును కైరీనా అన్నాడు, అంటే కైరోకు చెందినదని. మాస్కో, బార్బరీ, ఇండియా, కైరో: ప్రపంచ పటంలో నాలుగు చోట్ల వేలు పెట్టి ఒక్కసారి కూడా సరైన చోటు తాకలేకపోయారు. తర్వాతి శాస్త్రజ్ఞులు లిన్నేయస్ ఇండియాను కొట్టేసి బ్రెజిల్ అని దిద్దారు. ఆ బ్రెజిల్‌లో మామూలు జనం దీన్ని పిలిచే పేరు పాతో దో మాతో. అంటే అడవి బాతు. మొదటి నుంచీ దాన్ని చూస్తున్నవాళ్ళు పెట్టిన ఆ పేరొక్కటే నిజం చెబుతోంది. దీన్ని చెరువు పక్షిగా భావించినంత కాలం దీని ఒంట్లోనూ నడతలోనూ ఏదీ సరిగ్గా అర్థం కాదు. నీటి అంచున పెరిగే అడవిలో, చెట్ల మీద బతకడానికి తయారైన పక్షిగా చూస్తే ముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. అన్నీ విడిపోతాయని మాత్రం అనను.

ముందుగా పాదాలు చూడాలి. మనకు తెలిసిన నాటు బాతులు, కాకీ క్యాంప్‌బెల్, తెల్ల పెకిన్, కోతలైన వరిమళ్ళలో మేపుకుంటూ ఊరూరా తోలే సంచార మందలు, ఇవన్నీ మాలార్డ్ అనే ఒకే అడవి జాతి సంతతి. ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ ఆ జాతి నుంచి వచ్చినవే, ఒక్క మస్కవీ తప్ప. మాలార్డ్ సంతతి బాతు కాలును తిప్పి చూస్తే వేళ్ళ మధ్య పొర ఉంటుంది, గోళ్ళు మొద్దుగా ఉంటాయి. తెడ్డుకు కావలసింది అంతే. మస్కవీకి పొర ఉంది, దాని చివర కొంకి తిరిగిన బలమైన గోళ్ళూ ఉన్నాయి. చేతుల్లోకి తీసుకోబోయినవాడికి గీరుకుపోయే గోళ్ళవి. ఈదడానికి గోరు అక్కర్లేదు. బురదలో నడవడానికీ అక్కర్లేదు. బెరడును పట్టుకోవడానికి కావాలి, కొమ్మ మీద రాత్రంతా నిలబడి నిద్రపోవడానికి కావాలి. మెక్సికో నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం వరకు, అడవుల మధ్య పారే నిదానపు నదుల వెంబడీ చిత్తడి అడవుల్లోనూ బతికే అడవి మస్కవీలు చీకటిపడే వేళకు నీళ్ళు వదిలి చెట్లెక్కి గుంపులుగా నిద్రపోతాయి. తోక సంగతీ అంతే. నీటి బాతులకు చాలావాటికి తోక పొట్టి. దీనిది పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. చెరువు మీద దిగే బాతుకు వేగం తగ్గించుకోవడానికి బారెడు నీళ్ళుంటాయి. పాదాలు ముందుకు చాచి జారుకుంటూ పోయి ఆగుతుంది. కొమ్మ మీద వాలే పక్షికి ఆ వెసులుబాటు లేదు. అనుకున్న చోట, అనుకున్న క్షణంలో ఆగాలి. వెడల్పాటి రెక్కలూ విసనకర్రలాంటి తోకా అందుకు బ్రేకులు.

గూడు దగ్గర ఈ వాదనకు మరింత బలం వస్తుంది. అడవిలో ఆడ మస్కవీ గుడ్లు పెట్టేది చెట్టు తొర్రలో, నేలకు చాలా ఎత్తున. ఒక విడతలో సుమారు 8 నుంచి 15 గుడ్లు. మగది దరిదాపుల్లో ఉండదు. పొదగడం మొత్తం తల్లి ఒక్కదాని పని. రోజులో కాసేపు మాత్రం తిండికీ స్నానానికీ బయటికి వస్తుంది. గుడ్డు పిల్ల కావడానికి 35 రోజులు పడుతుంది. మాలార్డ్ సంతతి బాతు గుడ్లకు 28 రోజులు చాలు. కోడికి 21. బాతుగుడ్లు ఎక్కువ రోజులు పొదగాలని తెలిసినవాళ్ళు కూడా, 28 రోజులు దాటగానే మస్కవీ గుడ్లు మురిగిపోయాయనుకుని పారేసే ప్రమాదం ఉంది. ఈ వారం రోజుల తేడా ఎందుకు? గుడ్డు పరిమాణం ఒక్కటే కారణమైతే, ఇంతకంటే పెద్ద గుడ్డు పెట్టే పెంపుడు హంసబాతు ఇంకా ఎక్కువ రోజులు పొదగాలి. అది నెలరోజుల్లోనే పిల్లలను లేపుతుంది. అసలు సమాధానం గూడు ఉండే చోటులో కనిపిస్తుంది. నేల మీద గడ్డిలో పెట్టిన గుడ్లకు ప్రతిరోజూ గండమే: ముంగిస, పాము, నక్క, వరద. ఎంత త్వరగా పొదిగి పిల్లలను తీసుకుపోతే అంత మేలు. తొర్రలో గుడ్లకు ఆ తొందర లేదు. భద్రత ఉన్నచోట నిదానంగా పెరగడం ప్రకృతికి చెల్లుబాటవుతుంది. పక్షుల్లో తొర్ర గూళ్ళవాటికి నేల గూళ్ళవాటికంటే పొదుగుకాలం ఎక్కువగా ఉండటం విస్తృతంగా గమనించిన విషయమే. మస్కవీ ఆ కోవకు చెందుతుంది, తన గుడ్లను ఇంక్యుబేటరులో పెట్టినా సరే. తరతరాలుగా చెట్టు ముఖం చూడని పెంపుడు బాతు గుడ్డులో కూడా ఆ ఐదు వారాల లెక్క చెక్కుచెదరలేదు.

పిల్లల దగ్గర ఇంకో సాక్ష్యం. పుట్టిన మర్నాడో ఆ మర్నాడో తల్లి కింద నిలబడి పిలుస్తుంది, పిల్లలు తొర్ర అంచు నుంచి ఒక్కొక్కటే దూకేస్తాయి. తొర్ర లోతు నుంచి అంచు దాకా ఎక్కాలంటే గోళ్ళుండాలి. మస్కవీ పిల్లలు గుడ్డులోంచే పదునైన గోళ్ళతో వస్తాయి. చేతిలోకి తీసుకున్న వేళ్ళకు సూదుల్లా తగులుతాయి. అంత ఎత్తు నుంచి పడితే దెబ్బ తగలదా అంటే, సుమారు 50 గ్రాముల నూగు ఉండకు గాలే సగం పరుపు. ప్రాణి ఎంత చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం అంత ఎక్కువ, పడేటప్పుడు గాలి అడ్డు అంత ఎక్కువ. చీమను మిద్దె మీంచి వదిలినా లేచి నడిచిపోవడం వెనక ఉన్న లెక్కే ఇదీ.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఒకే పక్షిని తీసుకుని, దాని గోరుకూ తోకకూ గుడ్డుకూ చెట్టుతో ముడిపెట్టి కథ అల్లడం తేలిక. పరిణామ శాస్త్రంలో ఇలాంటి కథలకు కొదవ లేదు. దీనికి జవాబు చెప్పాలంటే ఇంకో పక్షిని సాక్షిగా పిలవాలి, అదీ వేరే దారిలో అదే చోటికి చేరిన పక్షిని. అలాంటిది మన దగ్గరే ఉంది. పక్షిశాస్త్ర గ్రంథాల్లో దానికి తెలుగు పేరుగా జుట్టు చిలువ అని నమోదైంది; హిందీలో నకటా. మగదానికి ముక్కు మీద నల్లటి దువ్వెనలాంటి కండ లేస్తుంది, గుడ్లు పెట్టే కాలంలో అది ఇంకా ఉబ్బుతుంది. మగది ఆడదానికంటే బాగా పెద్దది. ఒక మగదానికి ఒకటికి మించి ఆడ పక్షులు. గొంతు దాదాపు మూగ. చెట్లున్న చెరువుల దగ్గర తిరుగుతుంది, కొమ్మల మీద వాలుతుంది, వానాకాలంలో తొర్రల్లో గుడ్లు పెడుతుంది. మస్కవీ వర్ణనలో ఖండం పేరు మార్చి చదివినట్టు లేదూ? ఈ పోలిక చూసే 1945లో జాన్ డెలకోర్, ఎర్న్‌స్ట్ మయర్ ఈ రెంటినీ, చెట్ల మీద వాలే మరికొన్ని బాతులనూ కలిపి ఒకే తెగగా లెక్కగట్టారు. అయితే 1986లో బ్రాడ్లీ లివ్జీ ఎముకలూ ఈకలూ మొదలైన లక్షణాలను పరిశీలించి ఆ తెగ ఒకే రక్తసంబంధం కాదని తేల్చాడు. తర్వాత డీఎన్ఏ పరీక్షలు ఆ తెగను పూర్తిగా చెదరగొట్టాయి. మస్కవీకి దగ్గరి చుట్టాలు అమెరికా వుడ్ డక్, చైనా మాండరిన్ బాతు అని 1999 నాటి పరిశోధన చూపింది. ఒకప్పుడు మస్కవీకి తోబుట్టువుగా చెప్పుకున్న అస్సాం అడవుల దేవ్‌హాన్స్ బాతు, మునిగే బాతుల వైపు చేరింది.

తెగ చెదిరిపోయింది కదా, వాదనా పోయినట్టేనని కొందరు అనుకోవచ్చు. నా లెక్కలో వాదనకు బలం వచ్చింది ఇక్కడే. జుట్టు చిలువా మస్కవీ నిజంగా అక్కచెల్లెళ్ళే అయి ఉంటే, ఒకే తాత నుంచి వచ్చిన ఆస్తిని ఇద్దరూ పంచుకున్నారని సరిపెట్టుకోవచ్చు. పోలికకు చెట్టుతో పని ఉండదు. రక్తం వేరైనా రూపం కలిసిందంటే, ఆ రూపాన్ని మలిచింది రెంటికీ ఉమ్మడిగా ఉన్న బతుకే అయి ఉండాలి. రెండు ఖండాల్లో, రెండు వేర్వేరు వంశాల్లో, తొర్ర గూడూ కొమ్మ మీద మజిలీ ఒకేలాంటి ఒంటిని తయారు చేశాయి.

నీటి సంగతికి వస్తే, బాతును పెంచాలంటే చెరువు కావాలన్నది అందరూ అనేమాట. మాలార్డ్ సంతతికి అది చాలావరకు నిజం. మస్కవీకి తాగడానికీ తల ముంచి కళ్ళూ ముక్కూ కడుక్కోవడానికీ సరిపడా తొట్టి చాలు. ఈదగలదు, ఈతను ఇష్టపడుతుంది కూడా. కానీ ఎక్కువ కాలం నేల మీదే గడుపుతుంది. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి ఇతర బాతులతో పోలిస్తే దీనిలో అంతగా ఎదగలేదని చెబుతారు. నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే ఈకలు తడిసి బరువెక్కుతాయి. గడ్డి మేస్తుంది, ఆకులూ వేర్లూ గింజలూ తింటుంది, చెదలు, పురుగులు, నత్తలు, చిన్న చేపలు, దొరికితే చిన్న పాకే ప్రాణులను కూడా వదలదు. ఈగలను పట్టడంలో దీని నేర్పు వేరు. 1990లో కెనడాలో పశువుల కొట్టాల్లో మస్కవీలను వదిలి చూసిన పరిశోధకులు ఈగల సంఖ్యను అవి గట్టిగా తగ్గిస్తున్నాయని ప్రచురించారు. ఎగిరే ఈగను ముక్కుతో అందుకోవడం బురద జల్లెడపట్టే పక్షికి వచ్చే విద్య కాదు. మాలార్డ్ ముక్కు అంచుల్లో ఉండే సన్నని పళ్ళ వరస నీళ్ళను వడకట్టడానికే. మస్కవీ నేల మీద ఏరుకుని, కొరికి, పట్టుకుని తినే రకం. సీతాఫల్‌మండి, నామాలగుండు, మైలార్‌గడ్డ లాంటి రాతినేల పేటల్లో చెరువు లేదు, పెరడు ఉన్నా చాపంత. అలాంటి చోట కూడా బాతు బతకగలదంటే అది ఈ జాతే. చెరువు లేని చోట బతుకుతుంది కాబట్టి గట్టిపిండం అని మెచ్చుకుంటారు కానీ, దానికి చెరువు తొలి నుంచీ ఇంటి ముంగిలి మాత్రమే. ఇల్లు చెట్టు మీద.

చెట్టు సిద్ధాంతంతో నేను వివరించలేనని మొదట ఒప్పుకున్నవి ఇప్పుడు చెప్పాలి. ఒకటి మౌనం. నాటు బాతుల మంద వస్తుంటే ఫర్లాంగు దూరం నుంచే తెలుస్తుంది. మస్కవీ మగది బుసకొడుతుంది. ఆడది సన్నగా కూనిరాగం లాంటి చప్పుడు చేస్తుంది, భయపడితే కాస్త గట్టిగా. అడవిలో దాక్కోవడానికి మౌనం అలవాటైందని కొందరు రాస్తారు. ఇది నాకు రుచించదు. అడవిలో కనబడకుండా బతికే పక్షులే గొంతు చించుకుని పాడతాయి. ఆకుల మాటున కంటికి ఆనవు కాబట్టి వాటికి గొంతే చిరునామా. నాకు సబబుగా తోచేది ఇది: మాలార్డ్ ఆడది క్వాక్ క్వాక్ అని సద్దు చేసేది ఎక్కువగా జతకట్టే కాలంలో, జోడును పిలవడానికీ నిలుపుకోవడానికీ. మస్కవీల్లో జోడు అన్నమాటే లేదు. మగవి అనేక ఆడవాటితో కలుస్తాయి, ఆడవి ఒంటరిగా పిల్లలను సాకుతాయి. నిలుపుకోవలసిన సంబంధం లేని చోట పిలుపు సన్నగిల్లింది. జుట్టు చిలువ కూడా ఇలాగే బహుభార్యత్వం, ఇలాగే మౌనం అన్నది ఈ ఊహకు కొంత ఊతం.

రెండోది మగ ఆడల మధ్య బరువు తేడా. అడవి మస్కవీల్లో మగది 2 నుంచి 4 కిలోలు తూగుతుంది, ఆడది దాదాపు అందులో సగం. పెంపుడువి ఇంకా బరువైనా నిష్పత్తి ఇంచుమించు అంతే. బాతుల్లో ఇంత తేడా అరుదు. మగవి ఆడవాటి కోసం గోళ్ళతోనూ రెక్క మణికట్టుతోనూ తన్నుకుంటాయి కాబట్టి భారీ ఒళ్ళు వాటికి లాభం. మరి ఆడది ఎందుకు పెరగలేదు? తొర్ర ద్వారం కొలత అందుకు హద్దు గీసి ఉంటుందని ఊహించవచ్చు. ఊహ అనే అంటున్నాను, నిరూపణ కాదు. అలాగే ముఖం మీది ఎర్ర బొడిపెలు చెట్టుకు సంబంధించినవి కావు. అవి మగతనపు ప్రదర్శన. అడవి పక్షిలో ముఖం చాలావరకు నల్లగా ఉండి కొద్దిపాటి ఎరుపే కనిపిస్తుంది. మనిషి పెంచిన కొద్దీ బొడిపెలు ముదిరి, చూసేవాళ్ళు జబ్బేమోనని అనుమానించే స్థితికి వచ్చాయి.

మనిషి పెంచినదన్న మాట వచ్చింది కాబట్టి అసలైన అభ్యంతరాన్ని ఇక దాటవేయలేం. కొలంబస్ ఓడ తగలకముందే అమెరికా ఆదివాసులు ఈ బాతును మచ్చిక చేశారు. ఆ ఖండంలో విస్తారంగా పెంచిన పక్షులు రెండే, టర్కీ కోడీ ఇదీ. అంటే పెంపుడు మస్కవీ అడవి వదిలి శతాబ్దాలు గడిచాయి. తెల్లగా, గళ్ళుగా, నీలంగా రంగులు మారాయి. పెంపుడు మగది 5 కిలోలు దాటి నేల విడవలేని స్థితికి చేరింది. ఫ్లోరిడాలో తప్పించుకుపోయిన పెంపుడు మస్కవీలు పార్కు చెరువుల పక్క, ఇళ్ళ ముందు గడ్డిలో, పొదల కింద గుడ్లు పెట్టుకుంటూ హాయిగా సంతానం పెంచాయి. చెట్టు లేకుండానే ఇంత బాగా బతుకుతున్నప్పుడు చెట్టు పక్షి అనడం పాత బిరుదు పట్టుకు వేలాడటం కాదా?

ఇందులో నిజం ఉంది. ఈ పక్షికి తొర్ర ఒక్కటే గతి కాదు. లేకపోతే పొదతో సర్దుకుంటుంది. అడవి మస్కవీ కూడా అరుదుగా నేల మీద గుడ్లు పెట్టిన సందర్భాలున్నాయి. కానీ సర్దుబాటును చూసి అసలు ఇష్టాన్ని తీర్మానించకూడదు. ఇష్టమేమిటో తెలియాలంటే రెండూ అందుబాటులో ఉంచి చూడాలి. అలాంటి పరీక్ష దాదాపు జరిగింది. ఈశాన్య మెక్సికోలో పాత చెట్లు నరికేయడంతో తొర్రలు కరువైన చోట పెద్ద ఎత్తున చెక్క గూటిపెట్టెలు కట్టారు. అడవి మస్కవీలు వాటిని అందుకున్నాయి, సంఖ్య పెరిగింది, అక్కడి నుంచి రియో గ్రాండే నది దాటి టెక్సాస్ దక్షిణ కొనకు పాకాయి. నీళ్ళు కొత్తగా ఎవరూ తెచ్చిపోయలేదు. పెరిగింది తొర్రలే. చిత్రం ఏమిటంటే ఈ తేడాను చట్టం కూడా పట్టుకోవలసి వచ్చింది. 2010లో అమెరికా ప్రభుత్వం మస్కవీల అదుపుకు నిబంధనలు చేసినప్పుడు టెక్సాస్‌లోని హిడాల్గో, స్టార్, జపాటా అనే మూడు కౌంటీలను వేరుగా చూసింది. అక్కడిది తనంతట వచ్చిన అడవి పక్షి, కాపాడాలి. మిగతా దేశంలోది తప్పించుకున్న పెంపుడు పక్షి, తొలగించవచ్చు. పెంపుడువాటిలో కూడా బరువు తక్కువైన ఆడవి ఇప్పటికీ గోడలూ కప్పులూ ఎక్కుతాయి, రాత్రికి ఎత్తు వెతుక్కుంటాయి. రంగూ బరువూ ముఖమూ మనిషి మార్చాడు. గోరు, పొదుగుకాలం, ఎత్తు మీద మోజు మార్చలేదు, బహుశా మార్చాలని ప్రయత్నించనూ లేదు.

మాలార్డ్ నుంచి ఇది ఎంత దూరం జరిగిందో చెప్పే పరీక్ష ఒకటి రైతులే చేశారు. మగ మస్కవీని పెకిన్ లాంటి మాలార్డ్ సంతతి ఆడ బాతుతో కలిపితే పిల్లలు పుడతాయి, బలంగా పెరుగుతాయి, కానీ వాటికి సంతానం ఉండదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిద సంగతే. ఇంగ్లీషులో వీటికి మ్యూల్ డక్ అనే పేరు. తైవాన్‌లో మాంసం బాతు అంటే ప్రధానంగా ఇదే. ఫ్రాన్సులో కొవ్వు కాలేయం వంటకానికి వాడేదీ ఎక్కువగా ఇదే. మస్కవీ మాంసం కొవ్వు తక్కువగా, ముదురు ఎరుపుగా ఉంటుంది, మాలార్డ్ సంతతి గుడ్లు బాగా పెడుతుంది. రెండు లాభాలూ ఒక తరానికి అందుతాయి, రెండో తరం ఉండదు. రెండు జాతులకూ క్రోమోజోముల సంఖ్య ఒకటే, 80. సంఖ్య కలిసినా కొన్ని క్రోమోజోముల అమరిక కలవదు, బీజకణాలు తయారయ్యే దశలో జతలు సరిగా కుదరవు. ఈ సంకర గుడ్డు పొదగడానికి పట్టేది సుమారు 32 రోజులు, తల్లి 28కీ తండ్రి 35కీ నడుమ. నేల గూటి తొందరా తొర్ర గూటి నిదానమూ ఒకే గుడ్డులో రాజీపడ్డాయన్నమాట.

పెంపకానికి వచ్చేసరికి ఇదంతా పుస్తకాల తర్కంగా మిగలదు. హైదరాబాదు ముర్గీ చౌక్‌లాంటి పక్షుల బజారులో బాతును కొనేవాళ్ళు మొదట అడిగేది నీళ్ళ సంగతే. ఇది మస్కవీ అయితే అడగవలసినది ఎత్తు సంగతి. సిమెంటు తొట్టి కట్టించడానికి పెట్టే డబ్బు కంటే, నేలకు రెండడుగుల ఎత్తున అడ్డంగా ఒక లావుపాటి మొద్దు బిగించడం దీనికి ఎక్కువ మేలు చేస్తుంది. మొద్దు లావుగా ఉండాలి, కోళ్ళ దండెంలా సన్నని వెదురు కాదు. పొదుగు మీద కూర్చునే తల్లికి మూడు వైపులా మూసి చీకటిగా ఉన్న చెక్కపెట్టె ఇస్తే, అదే తొర్ర అనుకుని అయిదు వారాలు కదలదు. కోళ్ళ గుడ్లను సైతం అడ్డు చెప్పకుండా పొదిగి పిల్లలను లేపుతుంది. పిట్టగోడ మీంచి పక్కింటి డాబా మీదికి పోకుండా ఒక రెక్క పెద్ద ఈకల చివర్లు కత్తిరించాలి. అది గోళ్ళు తీసినట్టే, నొప్పి ఉండదు, ఈకలు రాలి కొత్తవి వచ్చాక మళ్ళీ కత్తిరించాలి. నాటు బాతులతో కలిపి పెంచేవాళ్ళు పుట్టే పిల్లలు గొడ్డువని ముందే తెలుసుకుంటే, మూడేళ్ళ తర్వాత మంద ఎందుకు పెరగడం లేదని తల పట్టుకోరు.

ఇంకొక్కటి, పెంచి విసుగెత్తినవాళ్ళ గురించి. బాతు కదా, చెరువులో వదిలేస్తే బతికిపోతుందని అనుకోవడం సహజం. మన చుట్టుపక్కల చెరువుల్లో తొర్రల కోసం ఇప్పటికే పోటీ ఉంది. చిన్న ఈల బాతు చెట్టు తొర్రల్లోనూ, కాకులూ గద్దలూ వదిలేసిన గూళ్ళలోనూ గుడ్లు పెడుతుంది. కాటన్ టీల్, మన దేశంలోకెల్లా చిన్న బాతు, తొర్ర లేకపోతే గుడ్లే పెట్టదన్నంత పని. జుట్టు చిలువ సంగతి చెప్పుకున్నాం. ముసలి మర్రి, మద్ది, చింత చెట్లు రోడ్ల వెడల్పులోనూ లేఔట్లలోనూ కూలుతున్న కొద్దీ ఉన్న తొర్రలు తగ్గుతున్నాయి. ఎండిన కొమ్మ అందంగా లేదని, పుచ్చిన మాను ప్రమాదమని, చెరువుల సుందరీకరణలో ముందుగా పోయేవి ఈ తొర్ర చెట్లే. అక్కడ 3 కిలోల గోళ్ళ బాతును వదిలితే నీళ్ళలో అది ఎవరి జోలికీ పెద్దగా పోదు. సాయంత్రమయ్యాక తలెత్తి చెట్ల వైపు చూస్తుంది.